మోంజి మేస్త్రీ కొన్న పుస్తకం

మోంజి మేస్త్రీ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క కాగితం. నూనె మరక అంటకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని చొక్కా లోపల దాచి తెచ్చాడు.

"రౌదా అమ్మాయ్, నువ్వు ఫ్రెంచి టీచరువి కదా. కాస్త ఇది చూసి చెప్పు. ఈ చుక్క తర్వాత ఉన్నది మూడా, ఎనిమిదా?"

కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. అంకెలన్నీ తడిసి ఆరినట్టు అలుక్కుపోయి ఉన్నాయి.

"బాబాయ్, నేను పాఠాలు చెప్పేదాన్ని, కళ్లద్దాలు అమ్మేదాన్ని కాదు. ఇది మూడూ కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. వట్టి మసి కూడా కావచ్చు."

"పైవరుసని బట్టి ఊహిద్దామంటే అదీ మసే," అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఫ్రెంచి రాకపోతే నా తప్పు. అచ్చే కనపడకపోతే ఎవరి తప్పంటావ్?"

మా ఊరు మహ్దియా రేవులో జాలర్ల సహకార సంఘానికి ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. మోంజి మేస్త్రీ అప్పటికి ముప్ఫై నాలుగేళ్లుగా దాని యంత్రాలు చూసుకుంటున్నాడు. మా ఇల్లు ఆ ఫ్యాక్టరీ వెనక సందులోనే. కంప్రెసర్ల చప్పుడుకి మేమెంత అలవాటు పడ్డామంటే, అది ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. రోజూ సాయంత్రం బోట్లు ఐసు నింపుకుని, దీపాలు సర్దుకుని, చీకట్లో వెలుగు దగ్గరికి గుంపుగా చేరే సార్డిన్ చేపల వేటకు వెళ్తాయి. ఐసు లేకపోతే చేప నిలవదు. చేప నిలవకపోతే మా పేటలో పొయ్యి వెలగదు. అంత బరువు మోస్తున్న మనిషి ఆరో తరగతి పోటీ పరీక్ష తప్పి, బడి మానేసి, నానా పనులూ చేసి ఫ్యాక్టరీలో చేరినవాడు.

ఆయనకు పని నేర్పిన పాత మేస్త్రీ అంతా చెవితోనే కనిపెట్టేవాడట. కంప్రెసర్ మీద ఒక కర్ర ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విని, "ఆ వాల్వు అరచుట్టు తిప్పు" అనేవాడట. ఎందుకని అడిగితే, "నీకెందుకురా? తిప్పమన్నవైపు తిప్పు" అని కసిరేవాడట. పాత మేస్త్రీ పోయేనాటికి ఏ వైపు తిప్పాలో మోంజికి వచ్చింది. ఎందుకు తిప్పాలో రాలేదు. అది ఆయన్ని లోలోపల తొలుస్తూనే ఉంది.

ఆ కాగితం మీద ఉన్నది అమ్మోనియా పట్టిక. ఐసు యంత్రం గొట్టాల్లో తిరిగేది అమ్మోనియానే. ఎంత వేడి దగ్గర దానికి ఎంత ఒత్తిడి ఉండాలో ఆ పట్టిక చెబుతుంది. అది తెలిస్తే యంత్రం నాడి దొరికినట్టే. ఆ పట్టిక ఒక లావుపాటి ఫ్రెంచి పుస్తకంలోది. ఎనిమిది వందల పేజీలు. పుస్తకం ధర, పోస్టు ఖర్చు, రేవులో కట్టాల్సిన సుంకం అన్నీ కలిపితే మేస్త్రీ నెల జీతంలో సగం దాటేది. రెండుసార్లు కొందామనుకుని రెండుసార్లూ ఆగిపోయాడు. ఒకసారి పంటినొప్పి, ఒకసారి ఇంటి కప్పు కురవడం.

ఆయన కొడుకు సుఫియాన్‌కు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. "డబ్బులెందుకు నాన్నా, ఇది ఊరికే దొరుకుతుంది" అని ఎక్కడినుంచో దొంగ కాపీ ఒకటి దింపి ఇచ్చాడు. తండ్రి ఆశగా పట్టిక ఉన్న పేజీ తెరిచాడు. ఎవరో పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఫోటోలు తీసినట్టున్నారు. సరిగ్గా పట్టిక మీద ఒక బొటనవేలు. గోటితో సహా.

"ఆ వేలు ఎవడిదో గానీ, ఎదురుపడితే విరిచేస్తా," అన్నాడు మేస్త్రీ నాతో. తర్వాత చూస్తే మధ్యలో ఇరవై పేజీలు కూడా లేవు.

అప్పుడు నేనే ప్రచురణకర్తల వెబ్‌సైటులో వెతికాను. అదే పుస్తకం డిజిటల్ రూపంలో ఉంది. కాగితం పుస్తకం ఇంటికి చేరడానికి అయ్యే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. పోస్టు లేదు, సుంకం లేదు, దారిలో తప్పిపోతుందన్న బెంగ లేదు.

"నా దగ్గర కార్డు ఉంది బాబాయ్. మీరు దీనార్లు నాకివ్వండి, నేను కొనిపెడతాను," అన్నాను. మా డబ్బు సరిహద్దు దాటదు. బయటి దేశపు కొట్లో ఏదైనా కొనాలంటే చదువుకున్నవాళ్లకు బ్యాంకు ఇచ్చే కార్డు ఉండాలి. దానికీ ఏడాదికి ఇంత అని హద్దు.

మర్నాడు ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండక్కి గొర్రెను కొనడానికి బయల్దేరినవాడిలా వచ్చాడు.

"ముందు సరుకు చూపించు," అన్నాడు.

కొనకముందు చూసుకోవడానికి కొన్ని పేజీలు ఉచితంగా పెట్టారు. ఒక్కో పేజీ పెద్దది చేయించి, గొర్రె పళ్లు చూసినట్టు అక్షరం అక్షరం చూశాడు. అచ్చు కడిగిన ముత్యంలా ఉంది.

"బాగుంది. ఇప్పుడు ధర కాస్త తగ్గించమని అడుగు."

"ఎవర్ని అడగను బాబాయ్? అక్కడ మనిషే లేడు."

"మనిషే లేని కొట్టేమిటే! సరే, మనకవసరం లేదన్నట్టు లేచి వచ్చెయ్."

నేను నవ్వి కొనబోయాను. బ్యాంకు వాళ్ల మొరాయింపు వల్ల ఆరోజు కార్డు పనిచేయలేదు. పుస్తకం అలాగే వదిలేశాం. మూడు రోజుల తర్వాత నాకొక మెయిల్ వచ్చింది. మీరు ఎంచుకున్న పుస్తకం మీకోసం ఎదురుచూస్తోంది, ఈ వారంలో కొంటే అయిదో వంతు తగ్గిస్తాం అని. ఆ మాట చెప్పగానే మేస్త్రీ తొడ చరిచాడు.

"చూశావా! లేచి వచ్చేస్తే వెనక్కి పిలిచారు. మనిషి లేడన్నావ్!"

అలా ఆ పుస్తకం ఆయనదైంది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, కొడుకు కొట్టులోనే మూల పగిలిన పాత టాబ్లెట్ ఒకటి కొన్నాడు. కొడుకు వద్దన్నా డబ్బు ఇచ్చే తీసుకున్నాడు.

వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం నమాజు అయ్యాక, మా ఇంటికి వచ్చేవాడు. నాకు యంత్రాలు తెలియవు, ఆయనకు ఫ్రెంచి అంతంతమాత్రం. నేను వాక్యం చదివి మా భాషలో చెబితే, ఆయన దాన్ని యంత్రం భాషలో నాకు చెప్పేవాడు. నెల తిరిగేసరికి నేను ఐసు ఎలా గడ్డకడుతుందో పాఠం చెప్పగలిగేలా తయారయ్యాను. ఆయన ఒంటరిగా పేజీలు తిప్పగలిగేలా తయారయ్యాడు. నచ్చిన వాక్యాలకు పసుపు రంగు పూసేవాడు. పక్కన అరబ్బీలో చిన్న చిన్న గుర్తులు రాసుకునేవాడు. "బళ్లో పుస్తకం మీద గీత గీస్తే చెయ్యి వాచేది. ఇక్కడ గీసి, తప్పనిపిస్తే చెరుపుకోవచ్చు. నాలాంటి వాడి కోసమే కనిపెట్టారమ్మా ఇది," అనేవాడు. వయసు యాభై నాలుగు దాటింది. రెండు వేళ్లతో అక్షరాల్ని గుమ్మడికాయంత చేసుకుని చదివేవాడు.

ఆయన భార్య మబ్రూకా పిన్ని ఒకరోజు నా ముందే అనేసింది. "ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో నా మొహాన్ని ఎప్పుడన్నా ఇంత పెద్దది చేసుకుని చూశావా?"

"నీ మొహం చిన్నగా ఉన్నప్పుడే అర్థమవుతుంది. ఇది కాదు," అన్నాడు మేస్త్రీ తల ఎత్తకుండా.

రేవు దగ్గరి కాఫీ హోటల్లో మాత్రం ఎగతాళి మామూలుగా ఉండేది కాదు. పెద్ద బోటు నడిపే ఖమీస్ సరంగు అందరికన్నా ముందుండేవాడు.

"ఏమోయ్ మోంజీ, జీతం పోసి పుస్తకం కొన్నావట. ఏదీ?"

"ఇదిగో, ఇందులో ఉంది."

"ఇది పలక. పుస్తకం ఏదని అడుగుతున్నా. డబ్బిచ్చి నీడ కొనుక్కొచ్చాడర్రా మనవాడు! సరే, చార్జింగ్ అయిపోతే ఏం చదువుతావ్?"

"నీ మొహం చదువుతా. ముడతలు బోలెడున్నాయి, రంజాన్ దాకా సరిపోతుంది."

హోటలంతా నవ్వింది. సరంగు కూడా నవ్వాడు గానీ, ఎగతాళి ఆపలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఐసు ఫ్యాక్టరీకి జబ్బు చేసింది. వేటకి అది మంచి అదను. కంప్రెసర్ పావుగంట తిరిగి ఆగిపోయేది. ఒత్తిడి మీటరు ముల్లు ఎర్రగీత దాటగానే దానంతటదే కట్టేసుకునేది. ఐసు దిమ్మలు మధ్యలో గడ్డకట్టక, తడితే డొల్లగా మోగేవి. బోట్లకు సగం ఐసే అందింది. ఒక తెల్లవారుజామున ఖమీస్ సరంగు తెచ్చిన చేపలో మూడోవంతు వాసన కొట్టి, ఎరువుల వాళ్లకు పోయింది. ఆయన ఆరోజు కాఫీ హోటలుకు రాలేదు.

సంఘం అధ్యక్షుడు లజహర్ బయటి ఊరి నుంచి ఒక ఇంజనీరును పిలిపించాడు. ఆయన ఒక పూట చూసి, కంప్రెసర్ ప్రాణం అయిపోయింది, కొత్తది వెయ్యాలి అని రాసిచ్చాడు. దానికయ్యే సొమ్ము సంఘం రెండేళ్ల రాబడి. అది వచ్చి బిగించేదాకా రెండు నెలలు ఫ్యాక్టరీ మూతే. లజహర్ కాగితాల మీద సంతకం పెట్టడానికి సిద్ధపడ్డాడు. మోంజి ఆయన గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"అధ్యక్షా, మూడు రోజులు నాకివ్వండి."

"ఏం చేస్తావయ్యా మూడు రోజుల్లో?"

"రేపటి నుంచి పున్నమి. వెన్నెల్లో దీపాల వేట లేదు, బోట్లెలాగూ కదలవు. ఐసు అడిగేవాడు లేడు. ఆ మూడు రోజులూ యంత్రం నాకొదిలేయండి. నాకొక అనుమానం ఉంది."

"ఇంజనీరుకు రాని అనుమానం నీకొచ్చిందా?"

"ఆయన ఒక పూట చూశారు. నేను ముప్ఫై అయిదేళ్లుగా చూస్తున్నా. తప్పైతే నాలుగో రోజు మీ సంతకం ఎవరాపుతారు?"

లజహర్ కలానికి మూత పెట్టి, సరేనన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ మా ఇంట్లో కూర్చుని టాబ్లెట్లో ఫ్రెంచిలో 'గాలి' అని కొట్టి వెతికాడు. పుస్తకంలో రెండొందల చోట్ల ఆ మాట ఉంది. "ఇంత గాలా!" అని నవ్వుకున్నాడు. తర్వాత పుస్తకం వాడే అసలు మాట గుర్తుతెచ్చుకుని అది కొట్టాడు. ఎంత చల్లబరిచినా ద్రవంగా మారని వాయువులు అని దాని అర్థం. పదకొండు చోట్ల దొరికింది. పదకొండూ వరసగా చదివాం. గొట్టాల్లో అమ్మోనియాతో పాటు మామూలు గాలి చేరితే, అది అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా మార్చే కండెన్సర్ పైభాగంలో ఇరుక్కుని ఒత్తిడి పెంచేస్తుందట. అప్పుడు మంచి కంప్రెసర్ కూడా రోగిష్టిలా రొప్పుతుందట. నిజంగా గాలి ఉందో లేదో తేల్చుకునే పరీక్ష కూడా అక్కడే ఉంది.

"రేపు నువ్వూ రావాలమ్మా. బడికి సెలవులే కదా. పట్టికలో అంకె నువ్వు చదువు, మీటరు నేను చూస్తా. నేను కోరుకున్న అంకె నా కళ్లకు కనపడుతుందేమోనని భయం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. లజహర్ వచ్చాడు. ఇంజనీరూ వచ్చాడు, మొహమాటంగా ఒక పక్కన నిలబడ్డాడు. తలుపు దగ్గర ఖమీస్ సరంగు, ఇంకో ఇద్దరు జాలర్లు. మేస్త్రీ కంప్రెసర్ ఆపేసి, కండెన్సర్లో నీళ్లు మాత్రం తిరగనిచ్చాడు. లోపలికి వెళ్లే నీళ్లూ బయటికి వచ్చే నీళ్లూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. రెండు గంటలు పట్టింది. చివరికి రెండు థర్మామీటర్లూ ఇరవై ఆరు చూపించాయి.

"ఇరవై ఆరుకి ఎంతుందో చదువమ్మా."

"పది పాయింట్ మూడు నాలుగు."

"అందులోంచి ఒకటి తీసెయ్యాలి. బయట మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని మీటరు లెక్కలోకి తీసుకోదు. అంటే ముల్లు తొమ్మిది మీద కొంచెం దాటి ఉండాలి." ఆయన పక్కకు జరిగి అందరికీ మీటరు కనపడేలా నిలబడ్డాడు. "చూడండి."

ముల్లు పన్నెండుకు ఆనుకుని ఉంది.

ఇంజనీరు ముందుకొచ్చి మీటరు మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. టాబ్లెట్ నా చేతిలోంచి తీసుకుని పట్టిక చూశాడు. మళ్లీ మీటరు చూశాడు.

"గాలే," అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత పని ఓపికతో చేయాల్సింది. కండెన్సర్ పైనున్న చిన్న వాల్వుకి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసను నీళ్ల బకెట్లో ముంచాడు మేస్త్రీ. వాల్వును వెంట్రుకవాసి తెరిచాడు. బకెట్లో బుడగలు లేచాయి.

"బుడగ పైకొస్తే గాలి. అమ్మోనియా అయితే నీళ్లల్లోనే కరిగిపోతుంది, టపటపమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడొక్కటే మిగిలిన రోజు మనం ఆపెయ్యొచ్చు," అన్నాడు.

ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని రెండు రోజులు ఆ బకెట్ పక్కనే కూర్చున్నాడు. కాసేపు తెరవడం, కట్టెయ్యడం, నీళ్లు మార్చడం, ముల్లు చూడడం. మబ్రూకా పిన్ని హరిస్సా కారం రాసిన రొట్టె, చేప పంపిస్తే, చేతులు నాలుగుసార్లు కడుక్కుని తినేవాడు. రెండో రోజు మధ్యాహ్నం బుడగలు సన్నబడ్డాయి. సాయంత్రానికి టపటపలు మాత్రమే మిగిలాయి. ముల్లు తొమ్మిది దాటి కాస్త పైన ఆగింది.

కంప్రెసర్ మళ్లీ నడిపినప్పుడు ఆ చప్పుడు మా ఇంటికి వినపడింది. పావుగంట అయింది. అరగంట అయింది. ఆగలేదు. మూడో రోజు పొద్దున తీసిన దిమ్మను ఖమీస్ సరంగు తన సుత్తితో తనే కొట్టి చూశాడు. గట్టిగా, రాయిలా ఉంది. ఆయన మేస్త్రీ నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

అందరూ చుట్టూ మూగి పొగుడుతుంటే మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు.

"పూర్తిగా వినండి. ఈ గాలి దానంతటది రాలేదు. చలికాలంలో బయటివాళ్లొచ్చి కంప్రెసర్ విప్పి బాగుచేశారు. మళ్లీ బిగించాక లోపలి గాలంతా లాగేసి అప్పుడు నడపాలి. వాళ్లు లాగలేదు. నేనూ అక్కడే ఉన్నా. లాగాలని నాకప్పటికి తెలియదు. ఆ అధ్యాయం దాకా నేనింకా రాలేదు. కాబట్టి సగం తప్పు నాది."

ఎవరూ అడగలేదు ఆయన్ని. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఫ్యాక్టరీ బాగుపడినందుకంటే ఆ మాటకే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. ఇంజనీరు వెళ్లబోతూ మేస్త్రీ చెయ్యి పట్టుకుని, "ఆ పుస్తకం పేరు రాసివ్వండి. నా దగ్గరున్నది పాత ముద్రణ, అదీ ఇంట్లో అటక మీద ఉంది," అన్నాడు. మేస్త్రీ రాసిచ్చి, "కాగితంది వద్దు, జేబులో పట్టేది కొనండి సార్," అని సలహా కూడా ఇచ్చాడు.

సంఘం ఆయనకు బహుమానం ఇస్తానంది. ఏం కావాలో కోరుకోమన్నాడు లజహర్.

"పుస్తకాలు కొనండి. కాగితం పుస్తకం ఒకటి తెప్పించే ఖర్చుతో ఇలాంటివి మూడు వస్తాయి. బోటు ఇంజన్లది ఒకటి, కరెంటు మోటార్లది ఒకటి, వెల్డింగుది ఒకటి."

"నీకేం కావాలని అడుగుతుంటే ఊరందరి చదువు గురించి చెబుతావేంటయ్యా?"

"ఊళ్లో మిగతావాళ్లు చదువుకుంటే రాత్రిపూట నన్ను లేపడం మానేస్తారు. అది నాక్కావలసిందే కదా!"

మూడు పుస్తకాలూ నా కార్డు మీదే కొన్నాం. ఆ ఏడాది హద్దంతా వాటికే అయిపోయి, నేను కొనుక్కుందామనుకున్న నిఘంటువు మరుసటి ఏడాదికి వాయిదా పడింది. నాకేమీ బాధనిపించలేదు. ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటరు పెట్టి వాటిని అందులో చదువుకునే ఏర్పాటు చేశారు. మొదట్లో ఎవరూ రాలేదు. ఒకరోజు ఇంజన్ మెకానిక్ ఒకడు సిగ్గుపడుతూ వచ్చి ఏదో బొమ్మ చూసుకుని పోయాడు. ఆ తర్వాత వాడే ఇంకొకణ్ణి తెచ్చాడు. చలికాలానికి బెంచీ చాల్లేదు.

కొందరు మేస్త్రీని పక్కకి పిలిచి, "ఆ పుస్తకం ఒక కాపీ నా ఫోన్లో వెయ్యవా" అని అడిగేవాళ్లు. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"ఎంతసేపైనా కూర్చుని చదువుకో, కాఫీ నేనే పోయిస్తా. కాపీ మాత్రం అడక్కు. రాసినవాడికి కూడా ఇంట్లో పొయ్యి ఉంటుంది. కొనే స్తోమత లేకపోతే చెప్పు, నలుగురం కలిసి నీకొకటి కొనిపెడదాం." అలా ఇద్దరికి నిజంగానే కొనిపెట్టారు.

మేస్త్రీ రిటైరై మూడేళ్లయింది. ఆ మధ్య ఒకరోజు వృత్తి శిక్షణ కేంద్రం వాళ్లే వచ్చి వారానికి రెండు పూటలు పాఠం చెప్పమన్నారు. ఆయనకు భయం వేసింది. మొదటి రోజు నన్ను కూడా తోడు తీసుకెళ్లి వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. పావుగంట దాకా టాబ్లెట్ చూసి చదువుతూ పోయాడు. ఒక అమ్మాయి లేచి, "మేస్త్రీ గారూ, ఈ వాల్వు ఎందుకు అరచుట్టే తిప్పాలి?" అని అడిగింది. ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆ ఒక్క ప్రశ్నకు గంటసేపు జవాబు చెప్పాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడాయన దగ్గర తొమ్మిది పుస్తకాలున్నాయి. అన్నీ ఆ పగిలిన టాబ్లెట్లోనే. తొమ్మిదోది ఇంగ్లీషు పుస్తకం, ఫ్రెంచిలో రాలేదట. నాకు ఇంగ్లీషు ఓ మోస్తరుగా వచ్చు, ఆయనకు అసలు రాదు. మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది కాబట్టి ధైర్యం చేశాం. మొన్న మంగళవారం ఒక పేరా దగ్గర ఇద్దరం గంటన్నర కుస్తీ పట్టాం. చివరికి నేనే విసిగిపోయి, "బాబాయ్, ఇది మనవల్ల కాదు. వదిలేద్దాం," అన్నాను.

"వదిలేద్దామంటే ఎలాగమ్మా? డబ్బులిచ్చి కొన్నాం," అని ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఆ పేరాని మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.